చాప మీద నుంచి చూస్తే

"ఇది కాకపోతే నాకు ఇంకేదీ వద్దు" అంది లేహా, చేతులు కట్టుకుని.

శనివారం మధ్యాహ్నం. చౌరస్తా దగ్గరి ఎలక్ట్రానిక్స్ షాపులో, రెండో అంతస్తులో, అరవై ఐదు అంగుళాల టీవీ ముందు నిలబడి ఉంది. తెర మీద ఎర్ర చిలక రెక్క విప్పింది. ఈకకి ఈక విడిగా కనిపించింది. తర్వాత పుచ్చకాయ కోశారు. గింజల మీద తడి కూడా మెరిసింది.

"ఫోర్ కే అమ్మా ఇది. ఎనభై మూడు లక్షల చుక్కలు ఉంటాయి తెరలో" అంది లేహా.

"ఎవరు లెక్కపెట్టారే?" అంది వాళ్లమ్మ మర్దియా.

"కంపెనీవాళ్లు. అట్ట మీద రాసుంది చూడు."

లేహాకి పదకొండేళ్లు. చిగంజూర్ పేటలో మా సందు చివరి ఇల్లు వాళ్లది. పొద్దున్నే వాళ్లమ్మ వాకిట్లో బల్ల వేసి కొబ్బరిపాల అన్నం పొట్లాలు అమ్ముతుంది. లేహా పొట్లాలు కట్టి, బడికి పోయి, సాయంత్రం ఫుట్‌బాల్ గేమ్ ఆడుతుంది. ఆటలో మా సందు మగపిల్లల్ని చాలామందిని ఓడించింది. ఓడినవాళ్లు "కంట్రోలర్ పాడైంది" అంటారు. "ఏదీ, బాగున్నది తెచ్చుకుని రా" అంటుంది లేహా. ఆ పిల్ల మొండితనం గురించి మా సందులో ఎవరినడిగినా చెబుతారు.

వాళ్ల పాత టీవీ పోయిన నెలలో ఆరిపోయింది. మళ్లీ వెలగలేదు. కొత్తది కొనడానికి డబ్బు పెడుతున్నది తాత, అంటే మర్దియా వాళ్ల నాన్న. ఆయన పేరు సమియున్.

సమియున్ తాత ముప్ఫై ఏళ్లు తెర సినిమా ఆడించాడు. ఊళ్లో పెళ్లి అయినా వేడుక అయినా, ఖాళీ స్థలంలో వెదురు గడలు పాతి, వాటికి తెల్లగుడ్డ బిగించి, రెండు ప్రొజెక్టర్లతో సినిమా వేసేవాడు. ఊరు ఊరంతా చాపలు తెచ్చుకుని కింద కూర్చునేది. ఒక ప్రొజెక్టర్ ఎప్పుడో పాడైపోయింది. రెండోదాన్ని పోయిన వారమే పాత యంత్రాలు దాచుకునే ఒకాయన వచ్చి కొనుక్కుపోయాడు. తాత దాన్ని గేటు దాకా మోసుకెళ్లి ఆయన కారులో పెట్టి వచ్చాడు. ఆ రోజు అన్నం సరిగా తినలేదు. మర్నాడు పొద్దున్నే మాత్రం "ఇంట్లో ఒక తెర ఉండాలి. మంచిది ఉండాలి. శనివారం షాపుకి పోదాం" అన్నాడు.

అందుకే ముగ్గురూ వచ్చారు.

"తాతా, ఇదే తీసుకుందాం" అంటూ లేహా వెనక్కి తిరిగింది. తాత లేడు.

ఎక్కడున్నాడా అని చూస్తే, ఓ పక్కన వాషింగ్ మెషీన్ల దగ్గర చెప్పులు విప్పి, గళ్ల లుంగీ సర్దుకుని, నేల మీద మఠం వేసుకుని కూర్చున్నాడు. అక్కడి నుంచి తల పక్కకి వంచి టీవీని చూస్తున్నాడు. పక్కనుంచి పోయేవాళ్లు ఆయన్ని చుట్టి తిరిగి పోతున్నారు.

"పెద్దాయనా, ఒంట్లో బాలేదా? కుర్చీ తెమ్మంటారా?" అన్నాడు సేల్స్ అబ్బాయి పరిగెత్తుకొచ్చి.

"ఒంట్లో బానే ఉంది నాయనా. బొమ్మే బాలేదు" అన్నాడు తాత. "ఇక్కడి నుంచి చూస్తే చిలక పాలిపోయింది. ఏదైనా చీకటి సీను ఉంటే పెట్టు. ఈ పుచ్చకాయలు ఏ టీవీలోనైనా బాగుంటాయి."

"ఎదురుగా నిలబడి చూడండి తాతగారూ, బ్రహ్మాండంగా ఉంటుంది."

"మా ఇంట్లో ఎవరూ నిలబడి చూడరే."

లేహా చెవులు వేడెక్కాయి. తాత ఇంట్లో ఏం చేసినా ఆ పిల్లకి ముద్దే. కానీ ఇది షాపు. పైగా మెట్ల దగ్గర గిలాంగ్ నిలబడి ఉన్నాడు.

గిలాంగ్ లేహా క్లాసే. ఈ షాపు మేనేజర్ కొడుకు. ఇప్పుడు లేహా చూస్తున్న టీవీయే వాళ్లింట్లో మూడు నెలల నుంచి ఉంది. ఆ మూడు నెలల్లో దాని గురించి మాట్లాడని రోజు లేదు. "ఆడపిల్లలకి గేమింగ్ టీవీ ఎందుకు, సీరియల్ చూడ్డానికా?" అని క్లాసులో అన్నది కూడా వాడే. దానికి లేహా ఊరుకోలేదు. "వచ్చే ఆదివారం మా ఇంటికి రా. మీ టీవీ లాంటిదే మా ఇంట్లోనూ ఉంటుంది. దాని మీదే నిన్ను ఓడిస్తాను" అని బెంచీ ఎక్కి చెప్పింది. అలా చెప్పిన దగ్గర్నుంచి మా సందు పిల్లలందరూ వచ్చే ఆదివారం కోసం చూస్తున్నారు.

గిలాంగ్ నవ్వుతూ దగ్గరికి వచ్చాడు.

"ఎవరే లేహా, ఆ ముసలాయన? బస్టాండ్ అనుకున్నాడా?"

లేహా నోరు తెరిచింది. మా తాత అనాలి. రెండే రెండు మాటలు.

"ఏమో. నాకు తెలీదు" అంది.

ఆ మాట చిన్నగానే అంది. కానీ షాపులో అప్పుడే ఏదో పాట అయిపోయింది. తర్వాతిది ఇంకా మొదలుకాలేదు.

తాత నెమ్మదిగా లేచాడు. లుంగీ దులుపుకున్నాడు. చెప్పుల్లో కాళ్లు పెట్టుకున్నాడు. లేహా వైపు చూడలేదు.

"మర్దియా, పోదాం పద. నా కళ్లు అలిసిపోయాయి. వచ్చే ఆదివారం పొద్దున నువ్వూ పిల్లా వచ్చి మీకు నచ్చింది తీసుకోండి. డబ్బు నీ దగ్గరే పెట్టుకో."

"నువ్వు రాకుండానా నాన్నా?"

"నాకేం తెలుసు ఈ టీవీల గురించి. నాది గుడ్డ తెర."

దారి పొడుగునా లేహా లోపల్లోపల వాదించుకుంటూనే ఉంది. షాపులో నేల మీద ఎవరైనా కూర్చుంటారా? తనని ఎందుకు సిగ్గుపడేలా చేయాలి? ఇంటికి వచ్చాక కూడా ఆ కోపం తగ్గలేదు.

"తాత రాకపోతే నాకేం. మంచిదే" అంది అమ్మతో.

మర్దియా అరటాకులు తుడుస్తోంది. తుడుస్తూనే అడిగింది.

"అక్కడ ఆ పిల్లాడితో ఏమన్నావే?"

"ఏం అనలేదు."

"సరే" అంది మర్దియా. ఆకులు తుడవడం ఆపలేదు. అమ్మ తిడితే బాగుండు అనిపించింది లేహాకి. తిడితే తిరిగి ఏదో ఒకటి అనొచ్చు.

బుధవారం బడి అయ్యాక గిలాంగ్ నలుగురు పిల్లల్ని వాళ్లింటికి పిలిచాడు. లేహాని కూడా పిలిచాడు.

"ఆదివారం దాకా ఎందుకు, ఇప్పుడే రా. నీకు ఎలాగూ అలవాటు కావాలిగా పెద్ద టీవీ."

"వస్తాను. ఏడవకు తర్వాత" అంది లేహా.

గిలాంగ్ వాళ్ల హాల్లో ఒక్కటే సోఫా. గిలాంగ్, వాడి పక్కన వాడి దోస్తు సరిగ్గా మధ్యలో కూర్చున్నారు. మిగిలిన పిల్లలు సోఫా చేతుల మీద ఎక్కారు. లేహాకి చోటు చేపల తొట్టి పక్కన, నేల మీద దొరికింది.

"అతిథులకి అక్కడే" అన్నాడు గిలాంగ్.

ఆట మొదలైంది. గిలాంగ్ రాత్రి మ్యాచ్ ఎంచుకున్నాడు. లేహా ఆటగాళ్లవి ముదురు నీలం చొక్కాలు.

మొదటి నిమిషంలోనే లేహాకి ఏదో తేడాగా అనిపించింది. గడ్డి బూడిద రంగులో ఉంది. తెర మీద ఎవరో పాలు కలిపిన నీళ్లు పోసినట్టుంది. తన ఆటగాళ్లు ఎక్కడ ఉన్నారో, నీడ ఎక్కడ ఉందో తెలియడం లేదు. గోల్ దగ్గర ఒకడు ఖాళీగా ఉన్నాడని బంతి పంపింది. అక్కడ ఎవరూ లేరు.

నాలుగు సున్నా. లేహా నాలుగు గోల్స్ తేడాతో ఓడిపోవడం అదే మొదటిసారి.

"మీ టీవీలో బొమ్మ పాలిపోయింది" అంది.

"ఓడినవాళ్లంతా టీవీనే అంటారు" అన్నాడు గిలాంగ్. సోఫా మీదవాళ్లంతా పడీపడీ నవ్వారు. కంట్రోలర్ మీద నెపం పెట్టే మగపిల్లల్ని లేహా ఎన్నిసార్లు ఆట పట్టించిందో వాళ్లకి గుర్తుంది మరి.

లేహా లేచి నిలబడింది. నడుచుకుంటూ సోఫా వెనక్కి, సరిగ్గా మధ్యలోకి వెళ్లింది. అక్కడి నుంచి చూస్తే గడ్డి పచ్చగా ఉంది. నీలం చొక్కాలు నీలంగా ఉన్నాయి. గోల్ వెనక కూర్చున్న జనం ముఖాలు కూడా తెలుస్తున్నాయి.

మళ్లీ చేపల తొట్టి దగ్గరికి వచ్చి కూర్చుంది. బూడిద.

మళ్లీ మధ్యలోకి. పచ్చ. మళ్లీ తొట్టి దగ్గరికి. బూడిద.

"ఏం చేస్తున్నావే? డాన్సా?" అన్నాడు గిలాంగ్.

లేహాకి వాషింగ్ మెషీన్ల పక్కన కూర్చున్న తాత గుర్తుకొచ్చాడు. 'ఇక్కడి నుంచి చూస్తే చిలక పాలిపోయింది.' తాత చెప్పింది అక్షరాలా ఇదే. ఎనభై మూడు లక్షల చుక్కలు ఎక్కడికీ పోలేదు. అన్నీ సోఫా మీదవాళ్ల కోసమే ఉన్నాయి.

వాళ్లింట్లో సోఫా లేదు. ఒక పెద్ద చాప ఉంది. ఆ చాప మీద అమ్మ, తాత, పక్కింటి పిల్లలు, అప్పుడప్పుడూ పక్కింటి పిల్లల అమ్మ. మధ్యలో కూర్చోగలిగేది ఇద్దరో ముగ్గురో. మిగతా అందరూ అంచులోనే.

ఇంటికి వచ్చేసరికి తాత అరుగు మీద కూర్చుని వేరుశనగకాయలు ఒలుస్తున్నాడు. లేహా పక్కన కూర్చుంది. తనూ ఒక గుప్పెడు తీసుకుని ఒలిచింది. మామూలుగా అయితే ఒలిచినవి ఒలిచినట్టే తినేస్తుంది. ఇవాళ గిన్నెలో వేసింది.

"తాతా, తెర సినిమా వేసేటప్పుడు ముందు నువ్వేం చేసేవాడివి?"

"ఏం చేస్తాను. తెర కట్టి, రీలు ఎక్కించి, చుట్టూ తిరిగేవాడిని."

"ఎందుకు?"

"పల్లీలమ్మే బండి పక్కన ఒకసారి కూర్చునేవాడిని. మూల మీద పిల్లలు కూర్చునే చోట ఒకసారి. తెర వెనక కూడా. వెనక నుంచి చూసేవాళ్లు ఉండేవాళ్లులే, అక్కడ చోటు ఎక్కువని. వాళ్లకి హీరో ఎడమ చేత్తో కొట్టేవాడు." తాత కొంచెం నవ్వాడు. "అన్ని చోట్ల నుంచీ కనిపిస్తేనే లైట్లు ఆర్పేవాడిని. అంచున కూర్చున్నవాడు కూడా సినిమాకే వచ్చాడు కదా."

లేహా చేతిలో కాయ నలిగిపోయింది.

"తాతా, ఆదివారం నువ్వు రావాలి."

"నేను రాను."

"రావాలి."

"రానన్నానా?" తాత గొంతు గట్టిగా లేదు. కానీ కదిలేలా కూడా లేదు. లేహాకి మొండితనం ఎక్కడి నుంచి వచ్చిందో ఇప్పుడు మీకు తెలిసే ఉంటుంది.

"షాపులో నేను అన్న మాట..." అంది లేహా.

"విన్నాను" అన్నాడు తాత. "కళ్లు తగ్గాయి కానీ చెవులు ఇంకా బాగానే ఉన్నాయి. అదే వచ్చిన చిక్కు."

లేచి గిన్నె పట్టుకుని లోపలికి వెళ్లిపోయాడు. లేహా అరుగు మీదే చాలాసేపు కూర్చుంది. ఏడుపు వచ్చింది. ఏడ్చింది. ఎవరూ చూడకుండా చొక్కా అంచుతో తుడుచుకుంది. క్షమించమని అడగాలన్నా ఆ మాట తాత చెవిలో చెబితే సరిపోదని అప్పుడే అనిపించింది. తెలీదన్నది అందరి ముందూ. తెలుసని చెప్పేది కూడా అక్కడే చెప్పాలి.

ఆదివారం పొద్దున పొట్లాలు అమ్ముడైపోయాక మర్దియా బయల్దేరింది. తాత అరుగు మీద నుంచి కదల్లేదు. లేహా లోపలికి వెళ్లి, హాల్లో పరిచిన చాపని చుట్ట చుట్టి చంకలో పెట్టుకుని బయటికి వచ్చింది.

"అదెందుకే?" అంది మర్దియా.

"కావాలి."

"టీవీ షాపుకి చాపెందుకే?"

"కావాలన్నానుగా అమ్మా."

తాత ఆ చాప వైపు చూశాడు.

షాపు ఆదివారం కిటకిటలాడుతోంది. రెండో అంతస్తులో అదే చిలక, అదే పుచ్చకాయ. లేహా నేరుగా వాషింగ్ మెషీన్ల దగ్గరికి నడిచింది. పోయిన శనివారం తాత కూర్చున్న చోట చాప దులిపి పరిచింది. చెప్పులు విప్పి, జంటగా పక్కన పెట్టి, మఠం వేసుకుని కూర్చుంది.

సేల్స్ అబ్బాయి పరిగెత్తుకొచ్చాడు.

"పాపా, ఇక్కడ కూర్చోకూడదు. లే."

"ఎందుకు కూర్చోకూడదన్నా?"

"ఇది షాపు. జనం తిరుగుతుంటారు."

"మేం టీవీ ఇలాగే చూస్తాం. టీవీ వచ్చేది మా ఇంటికే కదా. మీ గోడ మీద ఎలా ఉందో నాకెందుకు?"

"మేనేజర్ గారు చూస్తే నన్ను తిడతారు."

"పిలువు. ఆయనతో కూడా ఇదే చెబుతా."

సేల్స్ అబ్బాయి మర్దియా వైపు చూశాడు, పెద్దావిడ కదా సర్దిచెబుతుందని. మర్దియా ఒక్క క్షణం కూతుర్ని చూసింది. తర్వాత చెప్పులు విప్పి, సంచీ ఒళ్లో పెట్టుకుని, లేహా పక్కన కూర్చుంది.

"నాకు మోకాళ్ల నొప్పులు నాయనా. కూర్చుంటేనే బాగుంటుంది" అంది.

జనం ఆగి చూడటం మొదలుపెట్టారు. ఒకావిడ నవ్వింది. ఒకాయన ఫోన్ తీశాడు. లేహా చెవులు శనివారంలాగే వేడెక్కాయి. అయినా లేవలేదు. సిగ్గు వేస్తే వేసింది, ఆ పిల్ల ఈసారి దాన్ని పట్టించుకోదలచుకోలేదు.

మెట్ల మీద నుంచి గిలాంగ్ దిగుతున్నాడు. చాప చూసి ఆగిపోయాడు.

"ఇదేంటే? మొన్న ఒక ముసలాయన ఇలాగే కూర్చున్నాడు. నువ్వేమో ఎవరో తెలీదన్నావు."

లేహా తల ఎత్తింది.

"అబద్ధం చెప్పాను" అంది. గొంతు ఇంకా పెద్దది చేసింది. "ఆయన మా తాత. సమియున్ తాత. ఈ చుట్టుపక్కల ముప్ఫై ఏళ్లు తెర సినిమా వేశాడు. మీ టీవీ పక్కనుంచి చూస్తే పాలిపోతుందని అట్ట మీద చదవకుండానే చెప్పాడు. ఆయన ఎవరో నాకు తెలుసు. నాకు సిగ్గేసి అలా అన్నాను. తప్పు నాది."

షాపులో ఇప్పుడు పాట ఏదీ ఆగలేదు. ఆ పాటకి మించి వినిపించింది లేహా గొంతు. మిక్సీలు చూస్తున్నవాళ్లు కూడా తిరిగి చూశారు.

గిలాంగ్ ఏదో అనబోయాడు. వాడి చూపు లేహా వెనక్కి పోయింది. లేహా కూడా తిరిగి చూసింది.

మెట్ల మలుపు దగ్గర, రెయిలింగ్ పట్టుకుని, తాత నిలబడి ఉన్నాడు. మెట్లెక్కిన ఆయాసం ఇంకా తగ్గలేదు. ఎప్పుడు వచ్చాడో, ఎంత విన్నాడో తెలీదు. చెవులు బాగానే పనిచేస్తాయని తనే చెప్పాడు కదా.

తాత చాప దగ్గరికి వచ్చాడు. చెప్పులు విప్పాడు.

"జరుగు" అన్నాడు లేహాతో.

లేహా జరిగింది. తాత చాప చివర, సరిగ్గా అంచు మీద కూర్చున్నాడు.

"నాయనా, ఆ చిలకని కాసేపు పంజరంలో పెట్టి, ఒక రాత్రి సీను వెయ్యి. ఈ టీవీలోనూ, దాని పక్క దాంట్లోనూ, ఆ మూల చిన్నదాంట్లోనూ. పైన ఆ నాలుగు లైట్లు ఆర్పు" అన్నాడు సేల్స్ అబ్బాయితో.

"లైట్లు ఆర్పడానికి కుదరదు తాతగారూ."

"ఎందుకు కుదరదు?" అంది చంకలో పిల్లాడితో నిలబడ్డ ఒకావిడ. "మేమూ టీవీ కొనడానికే వచ్చాం. మేమూ చాప మీదే కూర్చుంటాం." ఆవిడ వచ్చి చాప కొనలో కూలబడింది. "నిజమేనండి, ఇక్కడి నుంచి వేరేగా ఉంది."

ఆవిడ భర్త కూడా గొంతుక్కూర్చున్నాడు. వెనకాల ఇంకో ఇద్దరు వంగి చూడసాగారు. చివరికి మేనేజర్ వచ్చాడు. చాప మీది గుంపుని చూశాడు, కొడుకుని చూశాడు, ఏమనుకున్నాడో ఏమో, స్విచ్ బోర్డు వైపు వేలు చూపించాడు. నాలుగు లైట్లు ఆరాయి.

తెరల మీద రాత్రి అయింది. ఒక మనిషి లాంతరు పట్టుకుని చెట్ల మధ్య నడుస్తున్నాడు. పెద్ద టీవీలో, పక్క నుంచి చూస్తే, చెట్లూ లేవు, మనిషీ లేడు. బూడిద మధ్యలో లాంతరు ఒక్కటే కదులుతోంది. పక్కదాంట్లో కొంచెం నయం. మూలనున్న యాభై అంగుళాల దాంట్లో మనిషి టోపీ, చెట్టు బెరడు, అతని చేతి వేళ్లు కూడా కనిపించాయి. లేహా చాప ఈ చివర నుంచి ఆ చివరకి పాక్కుంటూ వెళ్లి చూసింది. ఎక్కడి నుంచైనా వేళ్లు అయిదూ ఉన్నాయి.

"అదీ ఫోర్ కే యేనా అన్నా?" అని అడిగింది.

"ఆ. చుక్కలు అన్నే. సైజే తక్కువ. తెర మంచిరకం, అందుకే ధర దీనంతే" అన్నాడు సేల్స్ అబ్బాయి.

"గేమ్ పెడితే బటన్ నొక్కగానే కదులుతుందా? ఆగి కదులుతుందా?"

"గేమ్ మోడ్ ఉంది. పెట్టుకుంటే వెంటనే కదులుతుంది."

"పెట్టి చూపించు" అంది లేహా. చూపించేదాకా ఊరుకోలేదు.

"యాభై అంగుళాలే. మీవాళ్లతో అరవై ఐదు అని చెప్పావు" అన్నాడు గిలాంగ్ నెమ్మదిగా.

"చెప్పాను. ఇప్పుడు యాభై అని చెబుతాను. నవ్వేవాళ్లు నవ్వుకోనీ" అంది లేహా. "నువ్వు సాయంత్రం వస్తున్నావా లేదా?"

సాయంత్రం కొత్త టీవీ ముందు వాళ్ల హాలు నిండిపోయింది. చాప నిండా పిల్లలే. లేహా ముందుగానే చెప్పేసింది, ఇది యాభై అని. ఇద్దరు ముగ్గురు నవ్వారు కూడా. ఆ పిల్ల ఓపిగ్గా వాళ్లు నవ్వడం అయ్యేదాకా ఆగింది.

మధ్యలో చోటు తాతకి. అది లేహా పెట్టిన రూలు. "నాకెందుకే మధ్యలో" అని తాత గునిశాడు. లేహా వినలేదు. ఆయన కూర్చున్నాక కంట్రోలర్ కింద పెట్టి లేచింది. తలుపు దగ్గర పక్కింటి బుడ్డోడి పక్కన ఒకసారి కూర్చుంది. బియ్యం డబ్బా పక్కన ఒకసారి. అమ్మ నిలబడే వంటింటి గుమ్మం దగ్గర ఒకసారి. తాత ఆమెనే చూస్తున్నాడు. కళ్లద్దాలు తీసి లుంగీకి తుడుచుకున్నాడు.

అప్పుడు వచ్చాడు గిలాంగ్. ఆలస్యంగా, చేతిలో సొంత కంట్రోలర్‌తో. గుమ్మంలో నిలబడి చూశాడు. చాప మీద ఎక్కడా ఖాళీ లేదు. బియ్యం డబ్బా పక్కన మాత్రం ఒక మూల మిగిలింది.

"ఇంత దూరం వస్తే ఇక్కడ మూలనా కూర్చోవడం?" అన్నాడు.

పిల్లలందరూ లేహా వైపు చూశారు, ఇప్పుడేమంటుందోనని. చేపల తొట్టి సంగతి వాళ్లందరికీ తెలుసు.

లేహా వాడు లోపలికి రావడానికి తలుపు దగ్గరి చెప్పుల్ని పక్కకి జరిపింది.

"కూర్చో. నేను చూసి వచ్చాను, అక్కడి నుంచి కూడా బాగా కనిపిస్తుంది" అంది. "ఓడిపోతే టీవీని అనడానికి మాత్రం ఉండదు."